విశాఖ నుంచి హాడ్డో దాకా: ఓడ ఎగరేసే జెండాలు

బుధవారం, విశాఖ రేవు

విశాఖ నుంచి అండమాన్‌కి ఓడ ఉందని ఉత్తరాంధ్రలో అందరికీ తెలుసు. ఎప్పుడు బయల్దేరుతుందో మాత్రం చివరిదాకా ఎవరికీ తెలియదు. ఇంచుమించు నెలకోసారి ఉంటుంది. తేదీ ఖరారై టికెట్లు ఇవ్వడం మొదలుపెట్టాక బ్యాగులు సర్దుకోవడానికి దొరికేది కొద్ది రోజులే. విమానంలో అయితే రెండు గంటల పని. మావయ్య ఒప్పుకోలేదు. ఆయన నేవీలో సిగ్నల్ శాఖలో పనిచేసి రిటైరయ్యాడు. పోర్ట్ బ్లెయిర్‌లో ఉన్న కూతుర్ని చూడ్డానికి వెళ్లాలి, అదీ ఓడలోనే వెళ్లాలి అన్నాడు. తోడుగా నన్ను పంపారు.

పోర్టు గేటు దగ్గర తనిఖీ, ఎండలో లైను, తలల మీద బియ్యం మూటలు, పచ్చళ్ల డబ్బాలు, చంకల్లో పిల్లలు. ప్రయాణికుల్లో సగం మంది శ్రీకాకుళం, విజయనగరం వైపు వాళ్లే. అక్కడ జంగ్లీఘాట్‌లో, బంబూఫ్లాట్‌లో స్థిరపడి, పెళ్లికో పండక్కో వచ్చి తిరిగి వెళ్తున్నవాళ్లు. లైనులో ఒక్క మావయ్యే సామాను వైపు చూడకుండా ఓడ మాస్టు వైపు, అంటే జెండాలు ఎక్కే స్తంభం వైపు చూస్తున్నాడు.

"చూడరా, పాపా కట్టేశారు. ఇంక ఆలస్యం లేదు," అన్నాడు.

పాపా అంటే పీ అక్షరం జెండా. నీలం గుడ్డ, మధ్యలో తెల్ల చదరం. నావికులు దీన్ని బ్లూ పీటర్ అని కూడా అంటారు. రేవులో ఉన్న ఓడ దీన్ని ఎగరేస్తే, బయల్దేరబోతున్నాం, మా వాళ్లంతా ఎక్కేయండి అని. ఒడ్డున టీ తాగుతున్న నావికుడికి, బజారుకెళ్లిన వంటవాడికి ఫోన్లు లేని కాలంలో ఇదే కబురు. ఇప్పుడు అందరి జేబుల్లో ఫోన్లున్నా జెండా మాత్రం ఎక్కుతూనే ఉంది.

సాయంత్రం నాలుగు దాటాక పైలట్ ఎక్కాడు. ప్రతి రేవుకీ లోతులూ మలుపులూ తెలిసిన పైలట్లు ఉంటారు. బయటి నుంచి వచ్చిన కెప్టెన్‌కి పక్కన నిలబడి దారి చెప్పేది వాళ్లే. ఆయన అడుగుపెట్టిన కాసేపటికి నీలం జెండా దిగి ఇంకోటి ఎక్కింది. నిలువుగా సగం తెలుపు, సగం ఎరుపు. ఇది హెచ్. పైలట్ మా ఓడలో ఉన్నాడు అని అర్థం. పైలట్ కావాలి అని అడగాలంటే జీ, అంటే పసుపు, నీలం నిలువు చారలు. అదే జీ ఒక చేపల ఓడ మీద ఎగిరితే వల పైకి లాగుతున్నాం అని. చేపలవాళ్లకి ఇలా వేరే అర్థాలున్న జెండాలు ఇంకొన్ని ఉన్నాయి. జెడ్ అయితే వల వేస్తున్నాం, పీ అయితే వల దేనికో చిక్కుకుంది. ఇదంతా పుస్తకంలో మాట. మన మరపడవల మీద నేనెప్పుడూ చూసినవి పార్టీ జెండాలు, అమ్మవారి జెండాలే.

లోపలి హార్బరు నుంచి సముద్రంలోకి వెళ్లే కాలువ ఇరుకు. కుడి పక్క డాల్ఫిన్స్ నోస్ కొండ, ఎడమ పక్క ఊరు. 1933 అక్టోబరు 7న జలదుర్గ అనే ప్రయాణికుల ఓడ ఈ దారినే లోపలికి వచ్చింది. ఆ రోజుతోనే రేవు తెరుచుకున్నట్టు లెక్క. ఎడమ పక్క వరసగా మూడు గుట్టల మీద చర్చి, దర్గా, వెంకటేశ్వరస్వామి గుడి కనిపిస్తాయి. దర్గాలో ఉన్న ఇస్‌హాక్ మదీనా బాబాకి బంగాళాఖాతం గాలివానల మీద అధికారం ఉందని పాతకాలం నమ్మకం. రేవులోకి వచ్చే ఓడ, పోయే ఓడ ఆయనకి ఎదురుగా రాగానే జెండాను మూడుసార్లు దించి ఎత్తేవని బ్రిటిష్ కాలపు జిల్లా చరిత్రల్లో రాసి ఉంది. ప్రయాణం బాగా జరిగితే హిందూ ఓడ యజమానులు వెండితో చిన్న దోనె చేయించి సమర్పించేవారట. నాకు నచ్చినంతగా ఈ సంగతి మావయ్యకి నచ్చలేదు. "అది సిగ్నల్ కాదురా, దణ్ణం," అన్నాడు.

దణ్ణం లాంటిది ఇప్పటికీ ఉంది. వాణిజ్య నౌక యుద్ధనౌక పక్కనుంచి వెళ్లేటప్పుడు తన వెనక ఎగిరే జెండాను కొంత కిందికి దించుతుంది. యుద్ధనౌక కూడా తనది దించి ఎత్తుతుంది. అప్పుడే మొదటిది తన జెండాను మళ్లీ పైకి లాగుతుంది. మన వాణిజ్య నౌకల వెనక ఎగిరేది ఎర్ర జెండా, పై మూలలో మూడు రంగుల జెండా ఉంటుంది. నేవీది తెల్లది. 2022 సెప్టెంబరులో దాని మీద బ్రిటిష్ కాలం నాటి ఎర్ర శిలువ తీసేసి, శివాజీ ముద్రను గుర్తుచేసే ఎనిమిది పలకల చిహ్నం పెట్టారు.

కాలువ దాటాక పైలట్ తాడు నిచ్చెన మీదుగా పక్కకొచ్చిన బోటులోకి దిగిపోయాడు. హెచ్ కూడా దిగింది. మాస్టు ఖాళీ.

గురువారం, నడి సముద్రం

బంక్ క్లాసులో రాత్రంతా ఏసీ చలి, కింద ఇంజిన్ హోరు. పొద్దున్నే డెక్ మీదికొస్తే చుట్టూ నీళ్లే. మాస్టు మీద ఒక్క జెండా కూడా లేదు. నేను ఊహించుకున్న దానికి ఇది పూర్తిగా తలకిందులు. సముద్రం మధ్యలో ఓడలు జెండాలతో మాట్లాడుకుంటూ పోతాయని అనుకుంటాం. చూసేవాడు లేనిచోట జెండా ఎవరి కోసం? మాటలన్నీ రేవు ముఖద్వారం దగ్గరే.

మావయ్య తన పాత ఐడీ కార్డు చూపించి, కాస్త బతిమాలి, మధ్యాహ్నం మమ్మల్ని బ్రిడ్జి మీదికి, అంటే ఓడ నడిపే గదిలోకి రానిచ్చేలా చేశాడు. థర్డ్ ఆఫీసర్ కేరళ కుర్రాడు, పాతికేళ్లుంటాయేమో. గోడకి జెండాల అర ఉంది, పోస్టాఫీసులో ఉత్తరాలు వేరుచేసే గళ్ల లాగా. ఒక్కో గడి మీద ఒక్కో అక్షరం, లోపల చుట్టి పెట్టిన జెండా. మొత్తం 40. ఇంగ్లిష్ అక్షరాలకి 26, అంకెలకి మొనదేలిన పొడవాటివి 10, సబ్‌స్టిట్యూట్లు అనే ముక్కోణాలు 3, జవాబు జెండా 1. రంగులు ఐదే. ఎరుపు, నీలం, పసుపు, నలుపు, తెలుపు. దూరం నుంచి ఒకదాన్ని చూసి ఇంకోటి అనుకోకుండా విడిగా తెలిసేవి ఇవే కాబట్టి ఆకుపచ్చకి చోటు దొరకలేదు.

పక్కనే ఇంటర్నేషనల్ కోడ్ ఆఫ్ సిగ్నల్స్ పుస్తకం. రేడియో తప్పనిసరైన ప్రతి ఓడలోనూ ఇది ఉండి తీరాలి. మొదటి రూపం 1857లో బ్రిటన్‌లో అచ్చయింది. అప్పుడు జెండాలు 18, వాటిని కలిపి 70 వేలకు పైగా సందేశాలు కూర్చారు. ఏ, ఈ, ఐ, ఓ, యూ అనే అచ్చులకి జెండాలు అసలు పెట్టలేదు, పెడితే జెండాలు కలిసి ఏ బూతు మాటో అవుతుందని భయం. ఇప్పుడు వాడే రూపాన్ని 1965లో ఒప్పుకున్నారు, 1969 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. దీన్ని తొమ్మిది భాషల్లో తెచ్చారు. వాటిలో మన దేశపు భాష ఒక్కటీ లేదు.

అసలు తెలివి ఇక్కడే ఉందని నాకనిపించింది. జెండా ఏ భాషా మాట్లాడదు. సీ, బీ అని రెండు జెండాలు ఒకదాని కింద ఒకటి కడితే, వెంటనే సాయం కావాలి అని. కింద అంకె 4 కలిపితే నేలకి తగులుకున్నాం, 5 అయితే కొట్టుకుపోతున్నాం, 6 అయితే మంటలు, 7 అయితే ఓడలోకి నీళ్లొస్తున్నాయి. గ్రీకు కెప్టెన్ గ్రీకు పుస్తకంలో చూసి కడతాడు, జపాన్ కెప్టెన్ జపనీస్ పుస్తకంలో చూసి చదువుకుంటాడు. మధ్యలో ఇంగ్లిష్ రానక్కర్లేదు.

అత్యవసరమైనవన్నీ ఒక్క జెండాతోనే అయిపోతాయి. ఓ అంటే మనిషి నీళ్లలో పడ్డాడు. వీ అంటే సాయం కావాలి, డబ్ల్యూ అంటే వైద్య సాయం కావాలి. యూ అంటే నువ్వు ప్రమాదంలోకి పోతున్నావు. ఎల్ అంటే ఉన్నపళంగా ఆగు. బీ, పూర్తిగా ఎర్రది, ప్రమాదకరమైన సరుకు ఉంది లేదా ఎక్కిస్తున్నాం అని. ఆర్ ఒక్కదానికే విడిగా ఏ అర్థమూ ఇవ్వలేదు.

"ఇవన్నీ కట్టిన సందర్భం ఉందా?" అని అడిగాను. థర్డ్ ఆఫీసర్ నవ్వాడు. పైలట్ జెండాలు, రేవులో బీ, విదేశీ రేవుల్లో అనుమతి అడిగే క్యూ, ఆతిథ్యమిచ్చే దేశం జెండా. ఇంతేనట. మిగతావి ఆరేసి, చుట్టి, మళ్లీ గళ్లలో పెట్టడమే. ఏదైనా ఓడతో పనిపడితే వీహెచ్ఎఫ్ రేడియోలో 16వ ఛానల్ మీద పిలుస్తారు.

మావయ్యకి ఇది రుచించలేదు. "పిలవాలంటే పేరు తెలియాలి కదా బాబూ. జెండాకి పేరుతో పనేటి? చూసినోడికల్లా చెప్తాది."

"పేరు స్క్రీన్ మీదే వస్తుంది సార్," అన్నాడు ఆ కుర్రాడు, ఏఐఎస్ తెర చూపించి. దూరంగా పోతున్న ఓ సరుకు ఓడ పేరు, వేగం, ఎటు పోతోంది, అన్నీ అందులో ఉన్నాయి.

నా తీర్పు అడిగితే, మామూలు రోజుల్లో కుర్రాడిదే కరెక్టు. గాలి లేకపోతే జెండా వేలాడిపోతుంది, చీకటి పడితే కనిపించదు, ఎదురుగాలిలో ఓడ వస్తుంటే అంచు తప్ప ఏమీ తెలియదు. కరెంటు మొత్తం పోయిన ఓడ సంగతి వేరు. జెండాకి కావాల్సింది ఓ తాడు, ఓ మనిషి.

రాత్రి భోజనాలయ్యాక డెక్ మీద మావయ్య అసలు సంగతికొచ్చాడు. యుద్ధనౌకలకి జెండా ఎందుకు ముఖ్యమంటే రేడియో నోరు విప్పితే ఓడ ఎక్కడుందో శత్రువుకి తెలిసిపోతుంది. పక్కపక్కన పోయే ఓడలు జెండాలతో, దీపాలతో మాట్లాడుకుంటే దూరంగా ఉన్నవాడికి ఏమీ వినపడదు. 1971 యుద్ధంలో ఈ సముద్రంలోనే రేడియోని తిరగేసి వాడారు. మన విమానవాహక నౌక విక్రాంత్‌ని అండమాన్ వైపు రహస్యంగా పంపేసి, విశాఖ దగ్గర రాజ్‌పుత్ అనే ఓడ నుంచి విమానవాహక నౌక పంపేంత పెద్ద ఎత్తున రేడియో సందేశాలు పంపించారు, విక్రాంత్ ఇక్కడే ఉందని పాకిస్తాన్ నమ్మేలా. దాన్ని వెతుక్కుంటూ వచ్చిన ఘాజీ జలాంతర్గామి డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక విశాఖ తీరం దగ్గరే మునిగిపోయింది. మనం ఇప్పుడు పోతున్న దారి అదేరా అన్నాడు మావయ్య, చీకట్లోకి చెయ్యి చూపించి.

శుక్రవారం, ఇంకా సముద్రమే

రాత్రి కొంచెం ఊగింది. పొద్దున సగం మంది టిఫిన్ ముట్టలేదు. నిమ్మకాయ వాసన చూస్తూ పడుకున్నారు. నేనూ వాళ్లలో ఒకణ్ణి కాబట్టి మధ్యాహ్నం దాకా రాయడానికి ఏమీ లేదు.

సాయంత్రం గాలి చల్లబడ్డాక మావయ్య చుట్టూ పిల్లలు చేరారు. జంగ్లీఘాట్ పిల్లలు, ఇంట్లో తెలుగు, బయట హిందీ. నా నోట్‌బుక్‌లో రంగు పెన్సిళ్లతో జెండాలు గీసి వాళ్లకి పజిల్ పెట్టాడు. మనం దిగే రేవు హాడ్డో. దాన్ని జెండాలతో రాయాలి. హెచ్, ఏ, డీ, మళ్లీ డీ, ఓ. అరలో డీ ఒక్కటే ఉంది. రెండోదానికి ఏం చేస్తారు?

ఒకడు ఇంకో డీ కుట్టించాలన్నాడు. వాడు అన్నదాంట్లో తప్పేం లేదు, కానీ ప్రతి అక్షరానికీ నాలుగైదు కుట్టించుకుంటూ పోతే అర సరిపోదు. అందుకే మూడు సబ్‌స్టిట్యూట్లు. మొదటిది కడితే పైనుంచి మొదటి జెండా మళ్లీ వచ్చినట్టు, రెండోది కడితే రెండో జెండా, మూడోది కడితే మూడో జెండా. హాడ్డోలో డీ పైనుంచి మూడోది. కాబట్టి హెచ్, ఏ, డీ, మూడో సబ్‌స్టిట్యూట్, ఓ. ఎప్పుడూ పైనుంచి కిందికే చదవాలి. ఓ పిల్ల తన పేరు గీసుకుని వెళ్లిపోయింది, మిగతావాళ్లు మావయ్యని వదల్లేదు.

జవాబు జెండా సంగతి ఆయన నాకు చెప్పాడు. ఎరుపు, తెలుపు చారలతో మొనదేలి ఉంటుంది. ఎదుటి ఓడ జెండాలు కట్టడం కనపడగానే దీన్ని సగం ఎత్తుదాకా లాగి ఆపాలి. చూశాను, ఇంకా అర్థం కాలేదు అని. పుస్తకంలో వెతికి అర్థమయ్యాక పైదాకా లాగాలి. ఎదుటివాడు తన జెండాలు దించాక దీన్ని మళ్లీ సగానికి దించాలి, తర్వాతి వరస కోసం. కొచ్చిలోని సిగ్నల్ స్కూల్లో దీని మీదే ఎన్ని తిట్లు తిన్నాడో చెప్పుకొచ్చాడు. వాట్సాప్‌లో టిక్కులు పడ్డా అవతలివాడికి అర్థమైందో లేదో తెలియదు కదా అన్నాను. "మేం తెలుసుకునేవోళ్లం," అన్నాడు గొప్పగా.

బ్రిటిష్ అడ్మిరల్ నెల్సన్ కథ కూడా ఆరోజే చెప్పాడు. 1805 అక్టోబరు 21, ట్రఫాల్గర్ యుద్ధానికి కొద్దిసేపటి ముందు. ప్రతి ఒక్కరూ తమ కర్తవ్యం నెరవేరుస్తారని ఇంగ్లండ్ నమ్ముతోంది అని పంపమన్నాడు. అప్పటి కోడ్‌లో ఒక్కో మాటకి ఒక్కో నంబరు. నమ్ముతోంది అనే మాటకి నంబరు లేదు, అక్షరం అక్షరం కట్టాలి. సిగ్నల్ అధికారి పాస్కో, ఆశిస్తోంది అని మారుద్దామా, దానికి నంబరుంది, తొందరగా అయిపోతుంది అన్నాడు. సరే అన్నాడు నెల్సన్. అయినా చివర్లో కర్తవ్యం అనే మాటని ఎలాగూ అక్షరాల్లో కట్టాల్సొచ్చింది. మొత్తం 12 వరసలు, 31 జెండాలు. ఇంగ్లిష్ వాళ్లు ఇప్పటికీ తలచుకునే వాక్యంలో ఒక మాట అలా జెండాల సౌకర్యం కోసం మారినదే.

జపాన్ అడ్మిరల్ టోగో మాత్రం 1905 మే 27న త్సుషిమా దగ్గర రష్యన్ల మీదికి వెళ్తూ ఒక్క జెడ్ జెండాతో పని కానిచ్చాడు. సామ్రాజ్యం భవిష్యత్తు ఈ యుద్ధం మీదే ఉందని ముందే అనుకున్న అర్థం. ఈనాటి కోడ్‌లో అదే జెడ్‌కి అర్థం, మమ్మల్ని లాగడానికి టగ్ కావాలి.

శనివారం, పోర్ట్ బ్లెయిర్

తెల్లవారేసరికి దీవులు. 2024 నుంచి ఊరి అధికారిక పేరు శ్రీ విజయపురం, ఓడలో జనం మాత్రం పోర్ట్ బ్లెయిర్ అనే అంటున్నారు. రెండు రోజులు బోసిపోయిన మాస్టు మీదికి మళ్లీ ప్రాణం వచ్చింది. ముందు జీ, పసుపు నీలం చారలతో. బోటు వచ్చి పైలట్ ఎక్కగానే హెచ్. ఈసారి బంక్ క్లాసు పిల్లలంతా రెయిలింగ్ దగ్గర చేరి ఒకేసారి అరిచారు.

లంగరేసి ఉన్న ఓ సరుకు ఓడ ముందు భాగంలో నల్లటి బంతి ఒకటి వేలాడుతోంది. అది జెండా కాదు గానీ ఆ కుటుంబమే. లంగరేసి ఉన్నానని పగటిపూట గుర్తు. రెండు బంతులు నిలువుగా వేలాడితే ఓడ అదుపులో లేదని, మూడైతే నేలకెక్కిందని. బంతి ఎటునుంచి చూసినా బంతే, గాలితో పనిలేదు.

ఇంకాస్త లోపలికి ఒక తెరచాప పడవ, విదేశీ యాట్. పూర్తి పసుపు జెండా ఒకటి, మన మూడు రంగుల జెండా ఒకటి చిన్నవి కట్టి ఉన్నాయి. పసుపుది క్యూ. మా ఓడలో అంతా ఆరోగ్యంగా ఉన్నారు, రేవులోకి అనుమతివ్వండి అని. పాతకాలంలో పసుపు అంటే అంటురోగం అని భయం. ఇప్పుడు దానర్థం దాదాపు తిరగబడింది. మేం దేశంలోంచే వచ్చాం కాబట్టి మాకు అక్కర్లేదు. మూడు రంగులది అతిథి మర్యాద.

హాడ్డో జెట్టీ మీద మరదలు ఎదురొచ్చింది. నాన్న సన్నబడ్డాడని నా మీద కోప్పడింది. ఆ రోజంతా తిండి, నిద్ర.

ఆదివారం, నార్త్ బే

పాత 20 రూపాయల నోటు వెనక కొబ్బరిచెట్లు, దూరంగా లైట్‌హౌస్ ఉన్న బొమ్మ గుర్తుందా? అది నార్త్ బే. ఇక్కడ పగడపు దిబ్బల దగ్గర స్కూబా డైవింగ్ చేయిస్తారు. తీరం ముందు బోట్లు బారులు తీరి ఉన్నాయి.

కొన్నిటి మీద ఎర్ర గుడ్డ, దాని మీద ఏటవాలుగా తెల్ల చార. ఇది డైవింగ్ చేసేవాళ్లలో ఎక్కువగా కనిపించే జెండా, అంతర్జాతీయ కోడ్‌లోది కాదు. కోడ్ ప్రకారం కట్టాల్సింది 'ఏ' అక్షరం జెండా. తాడు వైపు సగం తెలుపు, బయటి సగం నీలం, చివర చీలిక. నా దగ్గర నీటి కింద మనిషి ఉన్నాడు, దూరంగా, నెమ్మదిగా వెళ్లు అని దానర్థం. స్పీడు బోటు నడిపేవాడికి తెలియాల్సిన జెండా ఒక్కటే ఉంటే అది ఇదే. బుడగలు చూసి పక్కకి తిప్పేంత టైం ఉండదు.

మా బోటు మీద రెండూ ఉన్నాయి. మరదలి కొడుకు దిగి, చేపలు చూసి, ముక్కులోకి నీళ్లు పోయి, పైకొచ్చాడు. మిగతావాళ్లూ వచ్చేశారు. జెండాలు మాత్రం అలాగే ఎగురుతున్నాయి. మావయ్య ఊరుకుంటాడా.

"బాబూ, కింద ఎవరూ లేరు కదా. అది దింపవేటి?"

బోటు కుర్రాడు మనవాడే, తల్లిదండ్రులది సోంపేట వైపట. "పొద్దున కడతాం, సాయంత్రం తీస్తాం మావా. మధ్యలో ఎవడు దింపుతాడు?"

"రోజంతా ఉంటే ఇంకెవడు పట్టించుకుంటాడు? ఉన్నారో లేరో అవతలోడికి ఎలా తెలుస్తాది?"

కుర్రాడు మావయ్య ముఖం చూశాడు, ఇక వాదించి లాభం లేదనుకున్నట్టున్నాడు, లేచి 'ఏ' అక్షరం జెండా దింపాడు. చుట్టి సీటు కింద పెట్టేలోపు గట్టు మీంచి ఈల వినిపించింది. సిలిండర్లు తగిలించుకుని ఇంకో నలుగురు నీళ్లలోకి నడిచి వస్తున్నారు. మావయ్య ఏమీ అనలేదు. తనే వంగి జెండా తీసి తాడుకి ముడేసి ఇచ్చాడు.